ఉచ్చీరమ్మ తోడు మోకు

“భయం లేనోనికి నేను నేర్పేది ఏమీ లేదప్పా, ఇంటికి పో. భయపడేటోడు నిలబడు.”

ఆదోని కొండ కింద గుండ్ల దగ్గర, జిన్నింగు మిల్లుకు సెలవున్న రోజుల్లో ఉచ్చీరమ్మ పాఠం ఇట్లాగే మొదలయ్యేది. ఎదురుగా నిలబడ్డ మగవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. నవ్వరా మరి! ఎత్తైన రేకుల కప్పులెక్కి పనిచేసేవాళ్ళు, బావుల్లో దిగి బండలు పగలగొట్టేవాళ్ళు, మీసాలు మెలేసినవాళ్ళు. వాళ్ళకు మోకు కట్టుకోవడం నేర్పుతానని ఎదురుగా నిలబడింది ఎవరయ్యా అంటే, చెంగు నడుముకు బిగించి, చేత కొడవలి పట్టుకున్న ఒక ఆడమనిషి, అదీ మొగుడు పోయినది.

“ఆడదానితో నేర్సుకోవాల్నా మేము?” అని ఎవడో ఒకడు వెనకనుంచి గొణిగేవాడు. ప్రతిసారీ ఒకడుంటాడు, వాడికేం కొదవ!

“బావిలో మీసం పట్టుకోని యేలాడతావేమప్పా? మోకు పట్టుకోనే గదా? ఆ మోకు సంగతి నాకు తెలుసు. మీసం సంగతి మీ ఇంట్లో సూసుకో” అనేది ఉచ్చీరమ్మ. ఆ తర్వాత నోరెత్తినవాణ్ణి ఎవరూ చూడలేదు. తుగ్గలి నుంచి, సి.బెళగల్ నుంచి కూడా బస్సెక్కి వచ్చి ఆమె చేత తిట్లు తిని, పని నేర్చుకొని పోయిన వాళ్ళున్నారు. నోరు మంచిది కాదని ఆదోనంతా ఆమెకు పేరు. ఆ నోరు ఊరికే రాలేదు. ఎట్లా వచ్చిందో చెప్తే మీకే తెలుస్తుంది.

ఆమెది ఎమ్మిగనూరు దారిలో ఒక చిన్న పల్లె. అక్కడ బావి పనివాళ్ళ వీధి ఒకటుంది, గేరి అంటారు. మగవాళ్ళు బావిలో దిగి తవ్వుతారు. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి గిరక మీద మోకు లాగి మట్టి గంపలు పైకి తెస్తారు. మనుషులను దించేదీ ఎక్కించేదీ కూడా ఆ చేతులే. మొగుడి ప్రాణం పెండ్లాం అరచేతిలో ఉంటుంది, ఇది మాటవరసకు చెప్పడం కాదు. ఉచ్చీరమ్మ మొగుడు బజారి ఆ గేరిలో మొదటి వరస పనిమంతుడు. పైకి వస్తూ వస్తూ కింద నుంచే పాటలు పాడేవాడు, పాడొద్దురా నాయనా, నవ్వొచ్చి చేతులు జారుతాయని ఈమె పైనుంచి తిట్టేది.

ఆ గేరికి ఒక ఆచారం ఉంది. ఏటేటా తమ ఊరి వీరన్న తేరుకు కొత్త మోకు కడతారు. పాతదాన్ని పారెయ్యరు. చేతికి పట్టనంత లావైన ఆ మోకు పురులు విప్పి, సన్నగా మళ్ళీ పేని, ఆముదం రాసి, పసుపు పూసి బావి పనికి పెట్టుకుంటారు. దాన్ని స్వామి మోకు అంటారు. తేరునే లాగిన మోకు మనిషి బరువుకు తెగుతుందా అని వాళ్ళ ధీమా. మొక్కుకోవడం వరకు బాగానే ఉంది, ఎవరు కాదన్నారు? దాని వెంట ఇంకా రెండు కట్టుబాట్లు ఉండేవి. స్వామి మోకు మీద దిగేవాడు రెండో మోకు కట్టుకోకూడదు, కట్టుకుంటే స్వామిని నమ్మనట్టు. మైల ఉన్న ఆడది దాన్ని ముట్టకూడదు, ముడితే మహిమ పోయి తెగిపోతుంది.

ఏడాది పొడుగునా ఆ మోకు తేరు మీదే పడి ఎండకు ఎండి, వానకు తడిసేది. అది అందరూ చూసేదే. చూసి కూడా ఎవరూ ఆలోచన చెయ్యలేదు. పసుపు పూస్తే ఎంత పాత మోకైనా పెండ్లికూతురి మాదిరి కనబడుతుంది మరి.

డెబ్బైల మొదట్లో కరువొచ్చింది. నీళ్ళు అడుగంటి ప్రతి రైతూ తన బావిని ఇంకా లోతు చేయించుకునేవాడు. గేరివాళ్ళకు చేతినిండా పని. ఒకరోజు మధ్యాహ్నం సంగటికి బజారి పైకి వస్తున్నాడు. ఉచ్చీరమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు మోకు లాగుతున్నారు. పాట దగ్గరికొచ్చింది. అతని తలపాగా కూడా కనబడింది. అప్పుడు చేతుల్లో బరువు ఉన్నట్టుండి లేకుండా పోయి, నలుగురూ వెనక్కి పడ్డారు. లేచి చూసేసరికి పాట లేదు. బజారి కింద బండ మీద ఉన్నాడు.

గేరికి పెద్దా, బావి పనులకు మేస్త్రీ అంతా లక్ష్మప్పే. పరిగెత్తుకొని వచ్చినవాడు బావిలోకి తొంగి చూడలేదు. నేరుగా ఉచ్చీరమ్మ ముఖంలోకి చూశాడు.

“ఈ దినం నువ్వు దూరం ఉండాల్సిన దినమేనా? నిజం సెప్పు.”

“కాదు పెద్దప్పా. నా బిడ్డల సాచ్చిగా కాదు.”

“మరి తేరును లాగిన మోకు ఎట్ల తెగుతాది? నీ చెయ్యే తగిలింది.”

అంతే. తీర్పు అయిపోయింది. కట్టుకున్నవాడి శవం ఇంకా పైకి రాకముందే ఆడదాని నెత్తిన అంత మాట వేసి పోయాడా మనిషి. ఏం మనుషులండీ! ఆ పొద్దు నుంచి గేరిలో ఆమె పేరు ఉచ్చీరమ్మ కాదు, మొగున్ని సంపుకున్నది.

ఆమె ఏడ్చింది. గుండెలు బాదుకొని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, గిరకకు వేలాడుతున్న తెగిన కొసను చేతికి తీసుకొని, ఏం తోచక దాని పురి విప్పింది. పైన పసుపు, లోపల నలుపు. వేలితో నలిపితే పొడి రాలింది. ఆ పొడి తెచ్చి లక్ష్మప్ప ముందు పెట్టి “ఇది సూడు పెద్దప్పా, లోపల పురి మాగిపోయింది” అంటే, అతను చెయ్యి విదిలించి కొట్టాడు. స్వామి మోకును విప్పినందుకు ఇంకో తప్పు వేశాడు. మర్నాడే తెగిన మోకంతా మూటగట్టి తుంగభద్రలో కలిపారు. చూపించడానికి ఆమె దగ్గర పిడికెడు నార కూడా మిగల్లేదు.

ఇద్దరు పిల్లలను పిన్నమ్మ దగ్గర వదిలి ఉచ్చీరమ్మ ఆదోని చేరింది. జిన్నింగు మిల్లులో పత్తి మోసే పనికి కుదిరింది. మనసులో రెండే పట్టుదలలు. ఆ మాటను లక్ష్మప్ప తన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఆ పసుపు మోకు మీద ఇంకొకడు ఒంటిగా దిగకూడదు.

మిల్లులో పెద్ద ఫిట్టరు దేవేంద్రప్ప. తుంగభద్ర డ్యాము కట్టేటప్పుడు గోడలకు వేలాడి పని చేసినవాడు. ఒకరోజు పొగగొట్టానికి పట్టీలు బిగించడానికి మనిషిని ఎక్కిస్తూ, నడుముకు ఒక మోకు కట్టి, అది చాలక ఇంకొకటి కట్టి, దాని కొసను వేరే దూలానికి వేస్తున్నాడు. పత్తి మూట నెత్తిన పెట్టుకొని పోతున్న ఉచ్చీరమ్మ ఆగిపోయింది.

“అన్నా, ఆ రెండోది యాలప్పా?”

“మొదటిది తెగితే పట్టుకునేకి. తోడు మోకు.”

“మొదటిది తెగుతాదా?”

“నాకేం తెలుసమ్మా? తెలీదు కాబట్టే రెండోది.”

నెత్తి మీది మూట నేలకు జారిపోయింది. ఆమె అక్కడే కూలబడి భోరుమని ఏడ్చింది. ఇంత చిన్న మాట, చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే మాట, తన గేరిలో ఒక్క మగవాడు అని ఉంటే బజారి ఇప్పుడు పాట పాడుతూ ఉండేవాడు గదా అని ఆమె ఏడుపు. దేవేంద్రప్ప కంగారుపడి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నీళ్ళు తాగి ఆమె అన్న మొదటి మాట, “అన్నా, ఇది నాకు నేర్పు. నేర్పేదాక నిన్ను ఇడిసిపెట్టను.”

ఇడిసిపెట్టలేదు కూడా. సంగటి తినేచోట, సైరను కొట్టకముందు, సెలవు రోజుల్లో ఆయన ఇంటి గడపలో, ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకునేది. బరువు మోసే పని మోకు ఒకచోట కడితే తోడు మోకు ఇంకోచోట కట్టాలి, ఒకే గుంజకు రెండూ కడితే గుంజ విరిగినప్పుడు రెండూ పోతాయి. బండ అంచుకు మోకు రాసుకునేచోట గోనెపట్ట వెయ్యాలి. స్పృహ తప్పినవాణ్ణి పైకి తేవాలంటే నడుముకు కట్టి లాగకూడదు, ఊపిరాడదు. చంకల కింద ఒక మడత, తొడల కింద ఒక మడత వేసి కూర్చున్నట్టుగా తేవాలి. ఇవన్నీ ఆయన నేర్పాడు. మోకును పరీక్ష చేసే పద్ధతి మాత్రం ఆమె సొంతం. ఎక్కే ముందు మోకు పొడుగునా అక్కడక్కడ పురి తిప్పి విప్పాలి, ముక్కు పెట్టి వాసన చూడాలి, గట్టిగా ఊదాలి. మాగి కుళ్ళిన వాసనొచ్చినా, పొడి లేచినా అది పొయ్యిలోకే. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

దేవేంద్రప్ప చూపు మందగించాక, కప్పులెక్కేవాళ్ళకు నేర్పే పని ఆమెకే అప్పజెప్పాడు. “నాకన్నా దీనికి కోపం ఎక్కువ. ఈ పనికి కోపముండాల” అన్నాడట.

ఆ పాఠం ఎట్లా ఉండేదో ఎనభైల మొదట్లో వచ్చిన బసన్నను అడిగితే చెప్తాడు. అప్పటికి బక్కపలచని, పెండ్లికాని మనిషి. గుండ్ల దగ్గరికి వచ్చి తల వంచుకొని నిలబడ్డాడు.

“అక్కా, నాకూ నేర్పు.”

“ఎవరి కొడుకువు?”

“మేస్త్రీ లక్ష్మప్ప కొడుకును.”

ఉచ్చీరమ్మ కొడవలి పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. పో అనడానికి నోరు తెరిచింది. ఆ అబ్బాయి “నాకు బావిలో దిగాలంటే భయమక్కా, దిగినప్పుడల్లా బజారన్న కండ్లల్లో మెదుల్తాడు” అన్నాడు. ఆమె కొడవలి కింద పెట్టింది. తర్వాత మోకు చుట్ట అతని కాళ్ళ దగ్గర విసిరేసి, “పురి విప్పి వాసన సూడు. మీ నాయన సూడలేదు, నువ్వన్నా సూడు” అంది.

అన్నీ నేర్పాక చివరి పరీక్ష. బసన్నను పెద్ద గుండు మీదినుంచి మనిషెత్తున వేలాడదీసి, ఏదో కబుర్లు చెబుతూ చెబుతూ కొడవలితో పని మోకు పుటుక్కున కోసేసింది. బసన్న ఓయమ్మో అని ఒక జానెడు జారి, తోడు మోకుకు తగులుకొని ఊగాడు.

“నీ మొగం మండా! సెప్పి కొయ్యొచ్చు గదక్కా!”

“బావిలో తెగేటప్పుడు సెప్పి తెగుతాదేమిరా?” అని ఉచ్చీరమ్మ నవ్వింది. బజారి పోయిన తర్వాత ఆమె అట్లా నవ్వడం అదే మొదలు.

తంటా అక్కడే మొదలైంది. ఊరికి పోయిన బసన్న స్వామి మోకు మీద ఒంటిగా దిగనని అడ్డం తిరిగాడు. వాణ్ణి చూసి గేరిలో ఇంకొందరు కుర్రవాళ్ళు కూడా కూర్చున్నారు. ఎండాకాలం ముంచుకొస్తోంది, బావి పని నిలిచిపోయింది. లక్ష్మప్ప పంచాయితీ పెట్టించి ఉచ్చీరమ్మకు కబురు పంపాడు. వచ్చి స్వామి మోకుకు మొక్కి, ఆనాడు తప్పు నాదేనని ఒప్పుకొని, ఇంక మోకు ముట్టనని ఒట్టు వెయ్యాలి. రాకపోతే బసన్నను గేరి నుంచి వెలివేస్తారు. కన్నకొడుకైనా సరేనట.

ఉచ్చీరమ్మ వచ్చింది. తన తోడు మోకు చుట్ట భుజానికి తగిలించుకొని మరీ వచ్చింది. పంచాయితీ రచ్చకట్ట దగ్గర కాదు, బావి దగ్గర పెట్టండి అంది. సరే, పని నిలిచిపోయిన ఆ బావి దగ్గరే అందరూ చేరారు.

“మొక్కు” అన్నాడు లక్ష్మప్ప.

ఆమె పసుపు మోకుకు దూరం నుంచే వంగి దండం పెట్టింది. “వీరన్నకు నేనెప్పుడూ మొక్కుతా. నాకు ఆయప్పతో కొట్లాట లేదు. నీతో ఉండాది. నా చెయ్యి తగిలితే మోకు తెగుతాదన్నావు గదా? ఇప్పుడు నేను దూరంగా నిలబడతా. మీరంతా తలస్నానం చేసి, తడి పంచెలతో రండి. మనిషంత బరువు బండ కట్టి, పొద్దు నెత్తి మీదికొచ్చేదాక బావిలోకి దించండి, లాగండి. మోకు నిలిస్తే తప్పు నాదేనని ఒప్పుకుంటా, మళ్ళ మోకు ముట్టను. తెగితే ఆ మాట నువ్వు ఎనిక్కి తీసుకోవాల.”

గుంపు గుసగుసలాడింది. స్వామిని పరీక్షిస్తావా అని ఒకరిద్దరు కేకలేశారు. “బజారిని యేలాడదీసినప్పుడు అది పరీచ్చ కాదా? బండకైతే పాపము, మనిషికైతే పున్నెమా?” అని ఉచ్చీరమ్మ ఎదురు తిరిగింది. లక్ష్మప్ప ఒప్పుకున్నాడు. ఆయన నమ్మకం దొంగ నమ్మకం కాదు, అది కూడా చెప్పాలి.

మగవాళ్ళు స్నానాలు చేసి వచ్చి బండ కట్టారు. దించారు, లాగారు. మళ్ళీ దించారు, లాగారు. గిరక కిర్రుమన్నప్పుడల్లా ఉచ్చీరమ్మ మోకు వైపు చూసేది. ఈ ఏటి మోకు పురి విప్పి చూసే వీలు ఆమెకు దొరకలేదు. లోపల ఎట్లుందో ఆమెకు తెలియదు. తెలియకుండానే బతుకంతా పందెం కాసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. మోకు తెగలేదు.

“వీరన్నా!” అని జనం కేక పెట్టారు. లక్ష్మప్ప ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళూ మోసిన మాట ఉచ్చీరమ్మ ఇప్పుడు తన నోటితోనే ఒప్పుకోవాలి. ఆ గుండ్లు, ఆ పాఠాలు, అన్నీ ఈ పొద్దుతో సరి. పండ్లు బిగబట్టి నిలబడింది.

లక్ష్మప్ప అంతటితో ఆగి ఉంటే ఏమయ్యేదో. విజయం తలకెక్కిన మనిషి ఆగుతాడా! “సూసినారు గదా! ముందు బసన్న దిగుతాడు. ఒంటి మోకు మీదే. నా కొడుకే దిగుతాడు, ఊరంతా సూడండి. వాడు దిగినాక నువ్వు ఒప్పుకుందువు” అన్నాడు.

“నేను దిగను నాయనా.”

“దిగుతావు. నేనే కడతా.”

బసన్నను ఒడ్డుకు లాక్కొచ్చి, పసుపు మోకు నడుముకు చుట్టి తానే ముడి వేశాడు. బసన్న తల్లి చౌడమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి ముందుకొచ్చి నిలబడింది. ఉచ్చీరమ్మ కూడా ముందుకు నడిచింది.

“పెద్దప్పా, పందెం నేను ఓడిపోయినా. కాదనను. ఒక్కటి అడుగుతా. ఆ మోకు తెగుతాదని నేను సెప్పను. నిలుస్తాదని సెప్పను. నాకు తెలీదు. నీకు తెలుసునా? తెలిస్తే దించు.”

లక్ష్మప్ప ఊరివాళ్ళ బిడ్డలను ఎందరినో ఆ ముడితోనే దించాడు. దించి చెట్టు కింద కూర్చొని బీడీ కాల్చుకున్నాడు. ఇప్పుడు చేతులు ముడి మీదినుంచి రావడం లేదు. ఎవరో లాగి పట్టినట్టు అక్కడే ఉండిపోయాయి. బసన్న తండ్రి ముఖంలోకి చూస్తున్నాడు. బావిలోంచి చల్లటి గాలి వస్తోంది.

అప్పుడు చౌడమ్మ కదిలింది. ఉచ్చీరమ్మ భుజం మీది తోడు మోకు చుట్ట తీసుకొని వచ్చి మొగుడి కాళ్ళ ముందు పెట్టింది.

లక్ష్మప్ప, ఎవరి ముఖమూ చూడకుండా, “కట్టుకో” అన్నాడు కొడుకుతో.

బసన్న తోడు మోకు పురులు విప్పి చూసి, వాసన చూసి, ఊది, చంకల కిందికీ తొడల కిందికీ మడతలు వేసుకున్నాడు. దాని కొసను గిరక గుంజకు కాకుండా వెనక బండరాయికి వేసి వచ్చాడు. పై నుంచి ఆ మోకును కొంచెం కొంచెంగా వదిలే మనిషి కావాలి. ఇద్దరు మగవాళ్ళు ముందుకొచ్చారు.

“అక్క పడితేనే దిగుతా” అన్నాడు బసన్న.

అందరూ లక్ష్మప్ప వైపు చూశారు. ఉచ్చీరమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడింది.

“నేను ముట్టొచ్చునా పెద్దప్పా? ఈ చేతులే గదా బజారిని సంపినాయని నువ్వు సెప్పింది?”

లక్ష్మప్ప బావి ఒడ్డున కాళ్ళు వేలాడేసి కూర్చున్న కొడుకును చూశాడు.

“పట్టుకో.”

“ఇనపడలే. గేరంతా ఇనాల.”

“పట్టుకో తల్లీ” అని అరిచాడు లక్ష్మప్ప. “నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. గట్టిగా పట్టుకో.”

ఉచ్చీరమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. తోడు మోకును నడుము చుట్టూ ఒక చుట్టు తిప్పి, మడమలు నేలలో నాటి నిలబడింది.

“బసన్నా, భయముందా?”

“ఉండాదక్కా.”

“అట్లయితే దిగు.”